జంక్షన్‌ ఊరు

'జంక్షన్‌ ఊరమ్మా... భయమేముంది! ఎటు నుంచైనా ఇంటికొచ్చేయొచ్చు.'

2016లో కూతుర్ని డాక్టరు చదువుకి చైనాలోని వుహాన్‌కు పంపుతూ ఆ తండ్రి చెప్పిన మాట ఇది. విజయవాడలో ముప్ఫై ఏళ్లకు పైగా రైల్వే గార్డుగా చేసిన మనిషాయన. ఏ ఊరి గొప్పయినా ఆయనకు ఒకటే లెక్క- అక్కడ ఎన్ని లైన్లు కలుస్తాయి? అట్లాసు ముందేసుకుని చూశాడు. ఉత్తరాన బీజింగ్‌, దక్షిణాన గ్వాంగ్‌జౌ, తూర్పున షాంఘై, పడమర చెంగ్డూ. మధ్యలో వుహాన్‌. పైగా యాంగ్జీ నది, అందులో కలిసే హాన్‌ నది. 'తొమ్మిది రాష్ట్రాల కూడలి' అని చైనావాళ్లు ఎప్పుడో పేరు పెట్టుకున్నారట. 'అచ్చం మన బెజవాడే' అనుకున్నాడు. ఫీజు కట్టేశాడు.

నాలుగేళ్లు తిరక్కుండానే ఆ మాట ఆయన గొంతులో ముల్లయింది.

2020 జనవరి 23. కరోనా భయంతో ఉదయం పది గంటలకు వుహాన్‌లో బస్సులు, మెట్రో, పడవలు ఆపేశారు. ఊరు దాటివెళ్లే రైళ్లకూ విమానాలకూ దారి మూసేశారు. కోటిమందికి పైగా జనం ఎక్కడివాళ్లక్కడే. 'ఏ స్టేషనుకైనా వెళ్లు తల్లీ, ఏ బండైనా ఎక్కేయ్‌' అంటాడీయన ఫోన్లో. 'బండ్లు లేవు నాన్నా' అంటుంది అమ్మాయి. బండ్లు లేని జంక్షన్‌! తుపానులు చూశాడు, సమ్మెలు చూశాడు, పట్టాలు కొట్టుకుపోవడం చూశాడు. ఇలాంటిది మాత్రం సర్వీసు మొత్తంలో వినలేదు.

ఎనిమిది రోజుల తర్వాత, జనవరి 31 రాత్రి, విద్యార్థుల్ని బస్సుల్లో విమానాశ్రయానికి చేర్చారు. ఎయిరిండియా రెండు విమానాల్లో 647 మంది భారతీయుల్ని తీసుకొచ్చింది. మొదటి విమానంలోనే వచ్చిందా అమ్మాయి. మానేసర్‌ శిబిరంలో ఉండి, ఇల్లు చేరింది. మిగతా చదువు కంప్యూటర్‌ ముందే. ఆ తర్వాత ఇక్కడి పరీక్ష గట్టెక్కి, విజయవాడలోనే ఓ ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరయింది. కథ సుఖాంతం అనుకున్నారంతా.

'ఒక్కసారి వుహాన్‌ వెళ్లొస్తా నాన్నా' అంది, వీసాలు మళ్లీ ఇస్తున్నారని తెలిశాక. 'ఆ ఊరి పేరెత్తకు' అన్నాడాయన. ఎత్తలేదు. కానీ ఏటా చైనా కొత్త సంవత్సరం రోజున ఎవరికో ఫోన్లో శుభాకాంక్షలు పంపడం ఆయన చూస్తూనే ఉన్నాడు. ఎవరని అడిగితే 'ఆయీ' అంది. ఈయనకు 'ఆయా' అని వినిపించింది. నిజానికి తేడా కూడా పెద్దగా లేదు. చైనాలో పిన్నిలాంటి ఆడవాళ్లను పిలిచే పిలుపది. ఈ ఆయీ వాళ్ల హాస్టల్‌ చూసుకునే ఆవిడ.

ఆయన మనసు మార్చింది మాత్రం ఒక రాత్రి అమ్మాయి అన్న మాట. 'నువ్వు చెప్పింది అబద్ధం కాలేదు నాన్నా. ఏ దారీ లేనప్పుడు కూడా ఇంటికొచ్చాగా. కానీ అర్ధరాత్రి హడావుడిలో, అన్నం పెట్టిన మనిషికి వెళ్లొస్తానని కూడా చెప్పలేదు.' ఆయన ఏమీ మాట్లాడలేదు. 2020లో ఆగిపోయిన నేరు విమానాలు 2025 అక్టోబరులో కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకు మళ్లీ మొదలయ్యాయని పేపర్లో చదివి, ఆ ముక్క కత్తిరించి కూతురి టిఫిన్‌ పళ్లెం పక్కన పెట్టాడు. 'నేనూ వస్తా' అన్నాడు. మోకాళ్ల నొప్పులతో రాలేనన్న ఇంటావిడ, డబ్బా నిండా అరిసెలు సర్ది పంపింది.

గ్వాంగ్‌జౌ నుంచి వుహాన్‌కు సుమారు వెయ్యి కిలోమీటర్లు. రైల్లో నాలుగ్గంటలు! 2009 డిసెంబరులో మొదలైన హైస్పీడ్‌ లైను అది. టికెట్టు పాస్‌పోర్టు నంబరు మీదే. స్టేషన్లోకి అడుగుపెట్టడానికి సంచుల తనిఖీ, ప్లాట్‌ఫారం మీదికి వెళ్లడానికి మళ్లీ గేటు. బండి టైముకి కొద్ది నిమిషాల ముందే ఆ గేటు మూసేస్తారు. పరుగెత్తుకొచ్చి కదిలే బండి పట్టుకునే విద్య అక్కడ పనికిరాదు. కిటికీ పక్కన కూర్చుని సిగ్నళ్ల కోసం చూశాడు పెద్దాయన. దారి పొడవునా స్తంభాలే కనపడలేదు. 'సిగ్నలు డ్రైవరు ముందున్న తెరమీదే వస్తుంది నాన్నా' అంటే చిన్నపిల్లాడిలా తల ఊపాడు. 'గార్డు పెట్టె కూడా లేదు' అన్నాడు కాసేపటికి, కొంచెం బెంగగా.

వుహాన్‌ వెళ్లేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది- 'వుహాన్‌ స్టేషను' అంటే ఒకటి కాదు. నిజానికి ఆ నగరమే మూడూళ్ల కలయిక. యాంగ్జీకి తూర్పున వూచాంగ్‌, పడమర హాంకౌ, హాన్‌యాంగ్‌. వాటి మధ్యన హాన్‌ నది. పెద్ద స్టేషన్లూ మూడు- వుహాన్‌, వూచాంగ్‌, హాంకౌ. మన సికింద్రాబాద్‌, నాంపల్లి, కాచిగూడల్లాగే. టికెట్టు మీద పేరు సరిగ్గా చూసుకోకపోతే బండి ఒక చోట, మనిషి ఇంకో చోట. ఒకదాన్నుంచి ఇంకోదానికి మెట్రోలో వెళ్లొచ్చు. బోర్డుల మీద ఇంగ్లిషు కూడా ఉంటుంది. 2004లో ఒక్క లైనుతో మొదలైన మెట్రో, 2012 డిసెంబరుకల్లా యాంగ్జీ అడుగునుంచి సొరంగం వేసుకుని అవతలి ఒడ్డుకు చేరింది. 'ఇప్పుడు మన నెత్తిమీద నది ఉంది' అని అమ్మాయి చెబితే ఆయన అప్రయత్నంగా పైకి చూశాడు.

రెండో తిప్పలు డబ్బులతో. బ్యాంకులో మార్చుకున్న యువాన్ల నోట్లు జేబులో అలాగే ఉండిపోయాయి. నోటు తీసుకోరని కాదు, చిల్లర కోసం వెతుక్కుంటారు. టీ దగ్గర్నుంచి టాక్సీ దాకా అన్నీ ఫోన్‌తోనే. అలీపే, వీచాట్‌ల్లో మన క్రెడిట్‌ కార్డు నంబరు ముందే ఇంటి దగ్గర కలుపుకొని వెళ్తే సగం కష్టం తీరినట్టే. గూగుల్‌ మ్యాపు అక్కడ నమ్ముకోవడానికి లేదు. వెళ్లాల్సిన చోటు పేరు చైనా అక్షరాల్లో ఫోన్లో దాచుకుంటే, ఎవరికి చూపించినా దారి చెబుతారు.

హాస్టల్‌ వూచాంగ్‌లో ఉంది. గేటు దగ్గర కొత్త మనిషి. ఆయీ రిటైరైపోయిందట. అమ్మాయి మొహం చిన్నబోయింది. ఫోన్లో చెప్పి వస్తే పోయేదిగా అన్నాడు తండ్రి. 'ఉన్నట్టుండి ఎదురుగా నిలబడాలనుకున్నా నాన్నా...' అంది. ఆ కొత్తావిడే ఆయీకి ఫోన్‌ కలిపింది. అవతలి నుంచి ఒక్క కేక! రేపు పొద్దున్నే హాంకౌ రమ్మంది, టిఫిన్‌కి.

మెట్రోలో వెళ్లొచ్చు. 'పడవలో వెళ్దాం' అన్నాడు పెద్దాయన. వూచాంగ్‌లోని జోంగ్‌హ్వా వీధి రేవు నుంచి హాంకౌలోని పాత కస్టమ్స్‌ గడియారం భవనం దాకా జనం ఇప్పటికీ పడవల్లో దాటుతూనే ఉన్నారు. నది మధ్యకొచ్చాక కనిపించింది అసలు వంతెన. పైన రోడ్డు, కింద రెండు రైలు పట్టాలు. యాంగ్జీ మీద కట్టిన తొలి పెద్ద వంతెన అది. సోవియట్‌ ఇంజినీర్ల సాయంతో కట్టి, 1957 అక్టోబరు 15న ప్రారంభించారు. పొడవు 1,670 మీటర్లు. అంతకుముందు బీజింగ్‌ నుంచి వచ్చే లైను ఈ ఒడ్డున, గ్వాంగ్‌జౌ నుంచి వచ్చే లైను ఆ ఒడ్డున ఆగిపోయేవి. పెట్టెల్ని పడవల మీదికెక్కించి నది దాటించేవాళ్లు. వంతెన ఒక కొస పాముకొండ మీద, రెండో కొస తాబేలుకొండ మీద. ఆ పేర్లు వినగానే 'వాసుకీ కూర్మావతారం ఇక్కడే ఉన్నాయన్నమాట' అని నవ్వాడాయన. పాముకొండ మీద పసుపుపచ్చ కొంగ గోపురం మెరుస్తోంది. పాత గోపురం 1884లో కాలిపోయింది. ఆ చోటు వంతెనకు పోవడంతో, 1985లో కాస్త అవతల మళ్లీ కట్టారు.

రాజమండ్రిలో గోదావరి మీది రోడ్డు కం రైలు వంతెన గుర్తొచ్చిందాయనకు. బండి గోదారి దాటిన ప్రతిసారీ రూపాయి బిళ్ల విసరడం అలవాటు. చెయ్యి జేబులోకి వెళ్లింది. బిళ్ల లేదు. ఫోన్‌తో బతికే ఊళ్లో చిల్లరెక్కడిది! రెండు చేతులూ జోడించాడు.

రేవులో ఎదురుచూస్తోంది ఆయీ. పొట్టిగా, నెరిసిన జుట్టుతో, చేతిలో కూరల సంచీ. అమ్మాయిని పట్టుకుని వీపు మీద రెండు దెబ్బలేసింది, తర్వాత ఏడ్చింది. సందులో చిన్న కొట్టు. వుహాన్‌లో పొద్దున టిఫిన్‌ బయట తినడం రివాజు. ఆ ఊరి నూడుల్స్‌లో పులుసుండదు. ఉడికించిన నూడుల్స్‌కి నువ్వుల ముద్ద, ఊరబెట్టిన ముల్లంగి ముక్కలు, ఉల్లికాడలు కలిపి కాగితం గిన్నెలో ఇస్తారు. చాలామంది నడుస్తూనే తినేస్తారు. ఈయన అరిసెల డబ్బా మూత తీశాడు. ఆయీ ఒకటి కొరికి, నూడుల్స్‌ గిన్నె చూపించి ఏదో అంది. 'ఇందులోనూ నువ్వులే అంటోంది నాన్నా.'

అప్పుడడిగాడాయన, ఆరేళ్లుగా లోపల దాచుకున్న ప్రశ్న. 'ఊరంతా తలుపులు మూసుకుంటే, నువ్వు రోజూ పిల్లల గదుల ముందు అన్నం ఎందుకు పెట్టావమ్మా? భయమెయ్యలేదా?'

ఆయీ గిన్నె కింద పెట్టింది. నెమ్మదిగా చెప్పింది. అమ్మాయి తెలుగులో చెప్పడానికి కాస్త సమయం తీసుకుంది.

'వాళ్లబ్బాయి వేరే ఊళ్లో పనిచేస్తాడట. ఆ ఏడాది పండక్కి రాలేకపోయాడు, దారులు మూసేశారు కదా. అక్కడెవరో ఒకరు వాడికి అన్నం పెడతారులే అనుకుందట. ఇక్కడి పిల్లలకి తను పెట్టిందట.'

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఎండేమీ లేదు.

తిరుగు ప్రయాణం రోజున వద్దన్నా వినకుండా ఆయీ మెట్రోలో వుహాన్‌ స్టేషను దాకా వచ్చింది. టికెట్టు లేనివాళ్లను లోపలికి రానివ్వరు. తనిఖీ గేటు బయటే ఆగిపోయింది. ఈసారి అమ్మాయి 'వెళ్లొస్తా' అని చెప్పింది, రెండు భాషల్లోనూ. గేటు దాటాక పెద్దాయన వెనక్కి తిరిగి కుడిచెయ్యి బారుగా చాపి, అటూ ఇటూ నిదానంగా ఊపాడు. ముప్ఫై ఏళ్లు పచ్చజెండా పట్టిన చెయ్యది. ఆవిడకు అర్థమైందో లేదో గానీ, తనూ అలాగే ఊపింది.

బండి కదిలాక ఇంటి నుంచి ఫోన్‌.

'ఊరెలా ఉందండీ?'

'జంక్షన్‌ ఊరే' అన్నాడాయన.