జీడిపిక్కలతో పోకర్

రమ్మీ వచ్చినవాళ్ళకి పోకర్ రూల్స్ నేర్చుకోడానికి అరగంట చాలు. మొన్న వేసవి సెలవుల్లో కాశీబుగ్గ వెళ్ళినప్పుడు మా మేనల్లుడు నేర్పమన్నాడు. మా అక్క గుర్రుగా చూసింది గానీ, నేను నేర్పాను. పందెం మాత్రం జీడిపిక్కలే. మా ఉద్దానంలో పిల్లలకి పిక్కలాట కొత్తేం కాదు కదా!

రమ్మీలో పదమూడు ముక్కలూ మనవే. పోకర్‌లో (టెక్సాస్ హోల్డెమ్ అనే రకంలో) చేతికి రెండే ఇస్తారు. తర్వాత బల్ల మీద మూడు, ఆపైన ఒకటి, మళ్ళీ ఇంకొకటి తెరుస్తారు. ఆ ఐదూ అందరివీ. మొత్తం ఏడింట్లోంచి మంచి ఐదు ఏరుకోవాలి.

ఏది పెద్దదో బట్టీ పట్టక్కర్లేదు. 52 ముక్కల్లోంచి ఐదు తీస్తే 25,98,960 రకాలుగా రావచ్చు. వాటిలో ఒక్క జత మాత్రమే ఉన్నవి 10,98,240. మూడూ రెండూ కలిసిన ఫుల్ హౌస్ 3,744. ఒకే అంకెవి నాలుగూ వచ్చేవి 624. ఎంత అరుదైతే అంత పెద్దదన్నమాట.

అసలు ఆటంతా పందెంలో ఉంది. ముక్కలు తెరిచిన ప్రతిసారీ పెంచొచ్చు, ఎదుటివాడంత పెట్టొచ్చు, లేదా ముక్కలు పడేసి తప్పుకోవచ్చు. రమ్మీలో స్కూటు కొడితే పాయింట్లు పడతాయి. ఇక్కడ తప్పుకుంటే అప్పటిదాకా పెట్టింది పోతుంది, అంతే.

"ఇన్ని పిక్కలు పెట్టేను కదా మావయ్యా, ఇప్పుడెలా వదిలేస్తాను?" అన్నాడు వాడు.

"మధ్యలో పడ్డాక అవి నీవి కావురా" అన్నాను.

మా బంధువొకడు ఫోన్లో రమ్మీ ఆడి జీడితోట తాకట్టు పెట్టాడు. ఆట రాక కాదు, మా అందరికన్నా బాగా ఆడతాడు. పోయింది రాబట్టుకుందామనుకున్నాడు.

సికింద్రాబాదు క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆటేనంది. ఆన్‌లైన్ కంపెనీలు ఆ తీర్పునే చాలా ఏళ్ళు అడ్డం పెట్టుకున్నాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని మన రాష్ట్రం 2020లో, కేంద్రం 2025లో నిషేధించాయి. మంచిదే. కానీ నిషేధం యాప్ మూయించగలదు గానీ, లేచిపోవడం నేర్పలేదు. అది పిక్కలతో ఆడే వయసులోనే రావాలని నా అభిప్రాయం. పిక్కలైపోతే ఆట అయిపోయినట్టే, అప్పిచ్చేవాడుండడు.

సాయంత్రానికి మావాడు వరసగా నాలుగు ఆటలు ముక్కలు పడేశాడు. ఐదోది గెలిచాడు. నాకు ఆ నాలుగే నచ్చాయి.