పాత బండికి ముందిరుసు

మా బావమరిది డెన్వర్‌లో వారమంతా సాఫ్ట్‌వేరు రాస్తాడు, ఆదివారం వస్తే 1974 నాటి ఫోర్డ్ ఎఫ్-250 కింద దూరతాడు. నాలుగు చక్రాలూ లాగే బండి. నేలకి అంత ఎత్తున నిలబడుతుంది కాబట్టి ఆ కాలపు ఎఫ్-250లను అక్కడివాళ్లు ‘హైబాయ్’ అంటారు. పంచె కట్టినవాడు ఎక్కాలంటే కాస్త ఆలోచించాలి. ఇంజనుకి వంక లేదు, తుప్పు తక్కువ. పేచీ అంతా ఆపడంలోనే. ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులే.

చదును రోడ్డు మీద డ్రమ్ములను తప్పుపట్టలేం. షూ తాకగానే తిరుగుతున్న డ్రమ్మే దాన్ని ఇంకాస్త గట్టిగా తనవైపు లాక్కుంటుంది. తొక్కేవాడి కాలికి అది సాయం. కానీ డెన్వర్ నుంచి ఐ-70 మీద పడమరకి వెళ్తే 11 వేల అడుగుల పైన ఐజెన్‌హోవర్ సొరంగం వస్తుంది. అక్కడినుంచి ఎటు దిగినా 6, 7 శాతం వాలు, మైళ్ల తరబడి. బ్రేకులు పోయిన లారీలు దూసుకెళ్లి ఆగడానికి రోడ్డు పక్కన కంకర నింపిన ఎగువ దారులు కట్టి ఉంచారు. ఊరికే కట్టరు కదా. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూకి దూరం జరుగుతుంది, లైనరు పట్టు సడలుతుంది, పెడల్ కిందికి దిగబడుతుంది. డిస్కు తీరు వేరు. వేడికి ఉబ్బినా ప్యాడ్ల వైపే ఉబ్బుతుంది. ఆరుబయట ఉంటుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది. వాగులో దిగి లేచినా నాలుగు చుట్లలో తడి తుడుచుకుంటుంది.

“ముందిరుసు మొత్తం మార్చేద్దాం బావా” అన్నాడు. వాడి మనసులో అప్పటికే ఒకటి ఉంది: డానా 60.

ఇక్కడ డానా సంగతి కొంచెం చెప్పాలి. 1903లో యూనివర్సల్ జాయింటుకి పేటెంటు తెచ్చుకున్న క్లారెన్స్ స్పైసర్ పెట్టిన కంపెనీలోకి 1914లో చార్లెస్ డానా వచ్చాడు. 1946లో కంపెనీకే ఆయన పేరు పెట్టారు. ఫోర్డ్, షెవ్రొలే, డాడ్జ్, జీప్ బజారులో పోట్లాడుకున్నాయి గానీ, బండి కిందికి దూరి చూస్తే చాలావాటికి ఇరుసు పోసింది ఈ డానాయే. అందువల్లే పాత ట్రక్కులవాళ్లకి తుక్కు యార్డంటే అంత ఆశ. ఒకరి బండి సామాను ఇంకొకరి బండికి పడుతుందేమోనన్న ఆశ. ఆ ‘ఏమో’ దగ్గరే డబ్బు పోతుంది.

సంబంధం చూసేటప్పుడు చదువు కన్నా ముందు గోత్రం అడిగినట్టు, ఇరుసు బలం కన్నా ముందు దాని డిఫరెన్షియల్ గుండు ఏ పక్కనుందో అడగాలి. ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి ముందుకొచ్చే షాఫ్టు ఏ పక్కనుంటే గుండు కూడా ఆ పక్కనే ఉండాలి. ఈ ఫోర్డుకి అది డ్రైవరు వైపు, అంటే అమెరికాలో ఎడమ. 1973-87 షెవ్రొలేలకి కుడి. అవి యార్డుల్లో దండిగా దొరుకుతాయి, చౌక, డిస్కులుంటాయి, ముప్పావు టన్ను బండివైతే చక్రానికి 8 బోల్టుల కొలత కూడా కలుస్తుంది. మా వాడు ఒకదాని చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశాడు. ఏం లాభం? గుండు అవతలి పక్కన ఉంది.

ఇక ఆ డానా 60. గుండులోని పెద్ద పళ్ల చక్రం, అంటే క్రౌన్, 9.75 అంగుళాలు. దాని తమ్ముడు డానా 44కి 8.5. ఇంత లావు ఇరుసంటే రాళ్ల మీద బండ్లు ఎక్కించే కుర్రాళ్లు పడి చస్తారు. 1978, 79 ఫోర్డులవి మరీ ప్రియం, వేల డాలర్లు పలుకుతాయి. వాటిలో డ్రైవరు వైపు కమాన్ కట్ట కూర్చునే పీఠం హౌసింగుతో కలిపే పోత పోసి ఉంటుంది. మన బండి కమాన్ల ఎడం దానికి కలవకపోతే పీఠాన్ని జరపలేం, కమాన్లనే జరపాలి. ఆపై బరువు. కట్టెలు, కుక్క, వారానికోసారి సిమెంటు బస్తాలు మోసే బండికి ఇంత ఇనుము దేనికి? నా లెక్కలో అది అవసరం కాదు, దర్జా. ఆ మాట అంటే రెండు రోజులు మాట్లాడలేదు.

చివరికి దొరికింది 1977 ఎఫ్-250 ఇరుసు. డానా 44, గుండు ఎడమవైపే, డిస్కులు ఫ్యాక్టరీవే. యార్డు పెద్దాయన గొట్టం మీద గ్రీజు గీకి, చెక్కిన నంబరు చూపించాడు. ఆ నంబరు పట్టుకుంటే అది ఏ బండి కోసం పుట్టిందో తెలుస్తుంది. పళ్ల లెక్క మాత్రం మేమే తేల్చుకోవాలి. ఒక చక్రం కదలకుండా పట్టుకుని రెండోది సరిగ్గా రెండు చుట్లు తిప్పితే, పినియను ఎన్ని చుట్లు తిరిగిందో అదే నిష్పత్తి. మా వాడు చక్రం తిప్పుతున్నాడు, పినియను ఉలకదు. పెద్దాయన నవ్వి, చక్రాన్ని ఇరుసుకి కలిపే హబ్బులు లాక్ చేయమన్నాడు. లాక్ చేశాక నాలుగు చుట్లు, మరి కాస్త. 45 పళ్ల క్రౌను, 11 పళ్ల పినియను: 4.09. బండి వెనక డానా 60, 41కి 10, అంటే 4.10. ఆ పాటి తేడాని టైరు మింగేస్తుంది. అదే 3.54 అయ్యుంటే, పొడి రోడ్డు మీద నాలుగు చక్రాలూ కలపగానే ముందూ వెనకా ఒకదాన్నొకటి మెలిపెట్టేవి.

ఇరుసు బిగించడం కన్నా దాని వెనకొచ్చిన ఖర్చే మా వాడికి మింగుడు పడలేదు. డిస్కుకి డ్రమ్ములా తనని తాను లాక్కునే గుణం లేదు, కాబట్టి బూస్టరు కావాలి. డ్రమ్ముల మాస్టర్ సిలిండరు లైన్లో కొంచెం ఒత్తిడి ఎప్పుడూ నిలిపి ఉంచుతుంది. డిస్కులకి అదే పెడితే ప్యాడ్లు రాసుకుంటూనే ఉంటాయి. కాబట్టి అదీ మారాలి. గట్టిగా తొక్కితే వెనక డ్రమ్ములు ముందే పట్టేసి బండి తోక తిప్పకుండా వాల్వు ఒకటి. పాత రిమ్ములు కాలిపరుకి తగిలాయి, కాబట్టి రిమ్ములు. ఇరుసు ధర ఒక్కటే అడిగి వచ్చేవాళ్లని చూస్తే నాకు జాలి.

తీసేసిన డ్రమ్ముల ఇరుసుకి మాత్రం వెంటనే బేరం కుదిరింది. తన హైబాయ్‌ని ఫ్యాక్టరీ గేటు దాటినప్పటి రూపానికి తెస్తున్న ఆయనెవరో వచ్చాడు. డిస్కులు వద్దే వద్దన్నాడు. డ్రమ్ముల లోపల గీతలు లేవు కదా అని టార్చి వేసి చూసుకుని, అడిగినంతా ఇచ్చి పట్టుకెళ్లాడు.