టియానాను కప్పగా ఎందుకు మార్చారు?

'అవతార్' కోసం లోకమంతా త్రీడీ కళ్లద్దాలు పెట్టుకున్న 2009 డిసెంబరులోనే డిస్నీ సంస్థ చేతితో గీసిన సంగీత చిత్రాన్ని తెరమీదికి తెచ్చింది. 2004లో 'హోమ్ ఆన్ ద రేంజ్' తరువాత చేతిగీతకు కాలం చెల్లిందని తీర్మానించుకున్న సంస్థ ఇదే. కంప్యూటర్ బొమ్మలతో పేరుపొందిన పిక్సార్ అధినేత జాన్ లాసెటరే మళ్లీ పెన్సిలుకు పట్టం కట్టడం విచిత్రం. దర్శకులు రాన్ క్లెమెంట్స్, జాన్ మస్కర్. 'ద లిటిల్ మెర్మెయిడ్' (1989), 'అలాద్దీన్' (1992) తీసినవారు. అందుచేత 'ద ప్రిన్సెస్ అండ్ ద ఫ్రాగ్' ఆ పాతవాటికి సాటి వస్తుందా అన్న ప్రశ్న తప్పదు.

గీతలో వస్తుంది. తన భోజనశాల గురించి టియానా కలగనే పాట చాలు అందుకు సాక్ష్యం. అక్కడ బొమ్మలు ఒక్కసారిగా చదునైన రంగుల ఛాయలుగా మారిపోతాయి. హార్లెమ్ పునరుజ్జీవన కాలపు నల్లజాతి చిత్రకారుడు ఆరన్ డగ్లస్ శైలికి అది నివాళి. పాత చిత్రాలలో నాయికలు తీరం దాటాలనో, ఊరు దాటాలనో కలలు కన్నారు. ఈమె రెండు పూటలా వడ్డన పని చేస్తూ చిల్లర కూడబెట్టి హోటలు పెట్టాలనుకుంటుంది. నాకు ఆమే నచ్చింది.

సంగీతంలో అంతటి మాట అనలేను. రాండీ న్యూమన్ జాజ్, బ్లూస్, గాస్పెల్ కలిపి న్యూ ఆర్లీన్స్ వాసన పట్టుకున్నాడు. కానీ 1991లో అకాల మరణం పొందిన హోవర్డ్ ఆష్‌మన్ పాట రాస్తే, పాట మొదట్లో ఉన్న మనిషి చివర ఉండేవాడు కాడు. ఇక్కడ పాట ముగిశాక కథ విడిచిన చోటినుంచే మొదలవుతుంది.

అసలు చిక్కు వేరే ఉంది. 'స్నో వైట్' వచ్చిన 1937 నుంచి 72 ఏళ్లకు డిస్నీకి నల్లజాతి రాకుమారి దొరికింది. తొలి ఆలోచనలో ఆమె పేరు మాడీ, వృత్తి పనిమనిషి. విమర్శలు రాగా రెండూ మార్చారు. కథాకాలం 1920ల న్యూ ఆర్లీన్స్. 1892లో హోమర్ ప్లెసీ తెల్లవారి రైలుపెట్టెలో కూర్చున్నందుకు అరెస్టయినది ఆ నగరంలోనే. 1896లో సుప్రీంకోర్టు వేరు బోగీలను సమర్థించింది ఆ కేసులోనే. చిత్రంలో ఈ గోడలు లేవు. ట్రాము భవంతుల వీధినుంచి పేదల వీధికి సాగుతుంది, అంతే.

ఒక్కచోట మాత్రం గోడ తగులుతుంది. భవనం అమ్ముతామన్న అన్నదమ్ములు, ఎవరో ఎక్కువ ధర ఇస్తామన్నారంటూ, టియానా వంటి నేపథ్యం ఉన్న స్త్రీకి ఇదే మేలని నవ్వుతూ సూచిస్తారు. ఢిల్లీలో అద్దె ఇంటికి తిరిగిన మనవారికి ఈ నవ్వు పరిచయమే. ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, తినేదేమిటో అడిగి, ఇల్లు నిన్ననే ఇచ్చేశామంటారు. నోటివెంట కులం, మతం అన్న మాటే రాదు. ఈ కొద్ది క్షణాల సన్నివేశాన్ని ఇంత నిజంగా రాసినవారు దానివెంట వెళ్లలేకపోయారు. ఆ వెంటనే ముద్దు, కప్ప, బురదనేల. తరువాత సినిమాలో ఎక్కువభాగం ఆమె ఆకుపచ్చగానే ఉంటుంది. కప్పకు జాతి లేదు కదా! (రాకుమారుడి పేరు నవీన్. మన ప్రతి వీధిలోనూ ఉండే పేరు. అతని దేశం మాల్డోనియా ఏ పటంలోనూ లేదు. అతనిది ఏ జాతో తేల్చకుండా ఉండటానికి అదీ ఒక ఉపాయమే.)

పాత చిత్రాలు ఇంతకన్నా ధైర్యవంతమైనవని కాదు. 'అలాద్దీన్' తొలి పాటలో అరబ్బులను కించపరిచే చరణాన్ని అభ్యంతరాలు వచ్చాకే వీడియోలో మార్చారు. అయితే అవి తమ నాయికను దాచిపెట్టలేదు.

సాహసమంతా ప్రతినాయకుడికి దక్కింది. మాంత్రికుడు ఫసిలియేకి ఈ నగరంలో ఎవరి కడుపు ఎందుకు మండుతోందో తెలుసు. రాకుమారుడి సేవకుడిని లొంగదీసేది అతని జీవితకాలపు అవమానాన్ని గుర్తుచేసే. టియానాకు కూడా కట్టిన హోటలునూ, తండ్రి చేసిన చాకిరినీ చూపిస్తాడు. కథ నడుమ ఆమె తిరిగి మనిషి రూపంలో కనిపించేది అతను కల్పించిన ఆ మాయలోనే.