నంబరు లేని కాగితం
మొన్న జుమా నమాజయ్యాక సంగం బస్టాండు గోడమీద కాగితం చూశాను: కువైట్‌లో డ్రైవర్లు కావాలి, ఫ్రీ వీసా. కింద సెల్‌నంబరు, అంతే. దాన్ని పట్టుకుని మా ఖాలా కొడుకు గాజులు గిర్వీ పెట్టడానికి ఆత్మకూరు బయల్దేరాడు. లక్షన్నర కట్టాలట. ఫ్రీ వీసాకి!

"లైసెన్సు నంబరేదిరా?" అన్నాను. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం మనుషుల్ని పంపే ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు ఇష్తిహార్‌లోనూ కనబడాలి, ఈమైగ్రేట్ సైటులో సరిచూసుకోవచ్చు. ఫీజు 30,000 మించకూడదు, దానిమీద జీఎస్టీ. రశీదివ్వాలి.

"మంచి మౌకా పోతుంది భయ్యా."

మా ఖాలూ కూడా ఇలాంటి కాగితం నమ్మే వెళ్లారు. డ్రైవరన్నారు, ఎడారిలో ఒంటెలు కాయించారు. అప్పుడూ ఇవే గాజులు.

"నంబరు తే బేటా, గాజులు ఇస్తా" అంది ఖాలా.

వాడింకా ఫోన్ చేస్తూనే ఉన్నాడు.