ఉచితమా, స్వేచ్ఛా?

ఇంగ్లీషులో రెండింటికీ 'ఫ్రీ' ఒక్కటే మాట. 1983లో గ్నూ ప్రకటించిన స్టాల్‌మన్‌కి, తాను మాట్లాడేది ధర గురించి కాదని పదేపదే వివరించాల్సి వచ్చింది. మనకా తంటా లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఆడవాళ్ళ చాకిరీ ఉచితంగా సాగే ఇళ్ళలో పెరిగినవాళ్ళం, ఆ తేడా మనకొకరు చెప్పాలా?

మా స్త్రీల బృందం రాతల కోసం పాత కంప్యూటర్లో లైనక్స్ వేసి, అపాచీ సర్వర్ పెట్టాను. వంటిల్లు సర్ది, పిల్లలు పడుకున్నాకే ఆ పని. బ్రౌజర్లో 'ఇట్ వర్క్స్' అని కనిపించిన రాత్రి కలిగిన సంతోషం, కూర బాగుందన్న మెప్పుకి ఎప్పుడూ కలగలేదు.

"కోడ్ అందరికీ తెరిచే ఉంది కదా, మిమ్మల్ని రావద్దన్నదెవరు?" అన్నాడొక మిత్రుడు. 2006లో గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ కింద గ్నోమ్‌కి వచ్చిన 181 దరఖాస్తుల్లో స్త్రీలది ఒక్కటీ లేదు. అదే ఏడాది స్త్రీల కోసమే, పక్కనుండి నేర్పిస్తామని పిలిస్తే వందకి పైగా వచ్చాయి. ఎంపికైనవాళ్ళకి డబ్బూ ఇచ్చారు. అంతకుముందు ఆ వందమందీ ఎక్కడున్నారని అడిగాను.

"ఆసక్తుంటే టైమదే దొరుకుతుంది" అన్నాడు. లోపల్నించి వాళ్ళావిడ మాకు టీ తెచ్చింది. ఆవిడా కంప్యూటర్ సైన్సే చదివింది.