పావన నరసింహుని దారిలో

ఇరవై ఏళ్ళుగా కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతున్నవాణ్ణి. నా గొంతు మూడు గదుల అవతలికి వినిపిస్తుందని తోటి లెక్చరర్లు విసుక్కుంటూ ఉంటారు. అటువంటి గొంతు నిజంగా అవసరం పడిన ఒక్క నిమిషంలో పెగల్లేదు. ఆ సంగతి చెబుతాను. చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

మొన్న ఫాల్గుణంలో, బ్రహ్మోత్సవాలు ముగిసి జనం పలచబడ్డాక, పదమూడేళ్ళ మావాణ్ణి వెంటబెట్టుకుని ఆళ్ళగడ్డ మీదుగా అహోబిలం వెళ్ళాను. చూడనివారికి రెండు మాటలు. నంద్యాల జిల్లాలో, నల్లమల కొండల్లో ఉన్నదీ క్షేత్రం. దిగువ అహోబిలం ఊరు, ఎగువ అహోబిలం కొండ. చుట్టూ తొమ్మిది చోట్ల నరసింహుడు వెలిశాడు. కొన్నిటికి మెట్లున్నాయి. కొన్నిటికి భవనాశి ఏటి రాళ్ళ మీద కాళ్ళు కూడదీసుకుంటూ పోవాలి. పావన నరసింహుడు మాత్రం అడవి లోపలివాడు. ఎగువ నుంచి కాలిబాటన ఆరేడు కిలోమీటర్లు నడక. స్వామి చెంచులక్ష్మిని పెళ్ళాడింది ఈ అడవిలోనే అంటారు. అందుకే చెంచులకు ఆయన దేవుడే కాదు, ఇంటి అల్లుడు కూడా. సంక్రాంతి తరవాత నలభై రోజులపాటు పారువేట పేరిట ఊరూరా తిరిగి, తన పెళ్ళికి తానే జనాన్ని పిలుచుకునే దేవుడు ఇంకెక్కడున్నాడు?

దారి చూపించడానికి ఒక చెంచు పెద్దాయన ఒప్పుకున్నాడు. అరవై దాటినవాడు. ఎడమ చెంప మీదినుంచి చెవిదాకా పాత గాయం తాలూకు గుంట ఉంది.

"తెల్లవారుజామునే పోదాం తాతా, చల్లగా ఉంటుంది" అన్నాను.

"వద్దు సామీ. ఇప్పపూలు రాలే కాలం. పొద్దెక్కినాక పోదాం" అన్నాడు.

ఇప్పపూలకూ పొద్దుకూ సంబంధమేమిటని నేను అడగలేదు. ఎండ కాలుస్తుంది, పిల్లవాడు తట్టుకోలేడు అని పట్టుబట్టాను. డబ్బిచ్చేవాడి మాటే చెల్లింది.

ఇంకా మసక వీడకముందే బయలుదేరాం. ముందు తాత, వెనక మావాడు, ఆ వెనక నేను. ఆ చీకట్లో ఎక్కడినుంచో ఇప్పపూల తియ్యని వాసన. తాత నోరు మూయలేదు. తనలో తాను మాట్లాడుకుంటాడు, దగ్గుతాడు, కర్రతో రాతిని తాటిస్తాడు. అడవి నిశ్శబ్దాన్ని గురించి కావ్యాల్లో చదువుకున్నవాణ్ణి కదా, నాకు చికాకు వేసింది.

"కాసేపు సద్దు లేకుండా నడుద్దాం తాతా" అన్నాను.

ఆయన ఆగి, ఒక్కసారి నా ముఖంలోకి చూసి, ఊరుకున్నాడు.

పావుగంట నడిచామో లేదో, ఎవరో పెద్ద కుండలోంచి గంజి జుర్రుతున్న చప్పుడు వినిపించింది. ఇంత పొద్దున్నే ఈ అడవిలో గంజి తాగేదెవరా అనుకుంటూ మలుపు తిరిగాను. పదిహేను గజాల దూరంలో, తవ్విపోసిన చెదపుట్ట ముందు, నల్లని బొచ్చుకుప్ప ఒకటి. దాని పక్కన మరి రెండు చిన్న కుప్పలు. పెద్ద కుప్ప చటుక్కున తల ఎత్తింది. రెండు కాళ్ళ మీద లేచి నిలబడింది. నల్లటి రొమ్ము మీద తెల్లటి వంకర గీత. వేలాడుతున్న చేతులకు కొడవళ్ళలాంటి గోళ్ళు.

తెలుగులో ఎలుగు అంటే భల్లూకమూ అవును, కంఠస్వరమూ అవును. క్లాసులో ఈ మాట చెప్పి పిల్లల్ని ఎన్నోసార్లు నవ్వించాను. ఆ ఎలుగు ఎదుట నా ఎలుగు లోపలికి పోయింది. కాళ్ళు మాత్రం పనిచేశాయి. వెనక్కు తిరిగి పరుగెత్తబోయాను. నాకూ ఆ జంతువుకూ మధ్య నా కొడుకు నిలబడి ఉన్నాడన్న సంగతి ఆ క్షణంలో నాకు జ్ఞాపకం లేదు. పాఠకులు ఎలా అర్థం చేసుకున్నా సరే, జరిగిందదే.

తాత చెయ్యి నా కండువాను పట్టి ఆపింది. రెండో చేత్తో మావాణ్ణి తన వెనక్కు లాక్కున్నాడు. తరవాత, పొరుగింటావిడతో మాట్లాడినట్టు, తొణక్కుండా అన్నాడు: "పో తల్లీ, పో. నీ జోలికి రాలేదు. పిల్లల్ని తీసుకోని పో." అంటూనే ఒక్కొక్క అడుగే వెనక్కు వేశాడు. మమ్మల్నీ వేయించాడు.

అది ముక్కు ఎగబీల్చింది. ఒక్క గుర్రు. ముందుకాళ్ళు దించింది. పిల్లలు రెండూ తల్లి వీపు మీదికి పాకి బొచ్చు పట్టుకున్నాయి. ఆ బరువుతోనే పొదల్లోకి వెళ్ళిపోయింది.

తరవాత ఒక బండ మీద కూచోబెట్టి తాత పాఠం చెప్పాడు. రాత్రీ, వేకువనూ రాలిన ఇప్పపూల కోసం ఎలుగులు వస్తాయి. దానికి చూపు తక్కువ, ముక్కు చురుకు. పుట్టను జుర్రేటప్పుడు తన చప్పుడే తనకు; మనిషి రాక వినపడదు. మీదికొచ్చి పడ్డామంటే భయపడి కొడుతుంది. పరుగెత్తితే మనిషికంటే అదే జోరు. "అందుకే సామీ, వచ్చేది మనమని ముందే చెప్పాల" అన్నాడు. చెంప తడుముకుని, "నాకు తేనెకు పోయినప్పుడు తగిలిందిది. తప్పు నాదే. దాని ఇంట్లోకి సద్దు లేకుండా పోయినా" అన్నాడు.

ఇంటికి వచ్చాక పుస్తకాలు తిరగేస్తే అన్నీ తాత మాటలే. పై పలువరుసలో ముందు రెండు పళ్ళు దానికి లేవట. ఆ సందులోంచే చెదల్ని పీల్చుకుంటుంది. పుట్టమట్టి దూరకుండా ముక్కు రంధ్రాలు మూసుకోగలదు. ఆ పళ్ళూ గోళ్ళూ చూసి 1791లో జార్జ్ షా అనే ఇంగ్లీషు పండితుడు దీన్ని స్లాత్ అనే బద్ధకపు జంతువుల జాతిలో కలిపేశాడు. స్లాత్ బేర్ అన్న పేరు నేటికీ వదల్లేదు. పిల్లల్ని మోసుకుంటూ తెల్లవార్లూ కష్టపడే తల్లికి బద్ధకస్తురాలని పేరు! 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దీన్ని మొదటి షెడ్యూలులో చేర్చి కాపాడుతున్నది.

పొద్దెక్కాక పావన నరసింహుని దర్శనం చేసుకున్నాం. ఏం మొక్కుకున్నానో చెప్పను. తిరుగుదారిలో నోటికి వచ్చిన పద్యాలన్నీ గొంతెత్తి చదివాను. "ఇట్లనే సదువు సామీ, కొండ దిగేదాంక!" అని తాత నవ్వాడు. మావాడూ నవ్వాడు. ఇచ్చిన డబ్బుకు రెట్టింపు ఇవ్వబోతే తాత మాట్లాడుకున్నంతే తీసుకున్నాడు.

ఇంటికి రాగానే మావాడు వాళ్ళమ్మకు కథంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. చివర్న ఆవిడ, "మరి నాన్నగారేం చేశారురా?" అని అడిగింది.

వాడు నావైపు చూడకుండా, "నాన్నగారు నన్ను వెనక్కి లాగారమ్మా" అన్నాడు.

ఆ పూట నేనేమీ అనలేకపోయాను. ఇప్పుడీ వ్యాసం ముందుగా వాళ్ళమ్మకే చదివి వినిపిస్తాను. పక్కన మావాణ్ణి కూడా కూచోబెట్టుకుంటాను.