ఇరుసు ఒకటా... రెండా?

ఎముక విరిగితే చాలు, ఎక్కడెక్కడివారో పుత్తూరు దారి పడతారు. పక్కనున్న ఈశ్వరాపురం కట్టుకు అంత పేరు! మరి ట్రాక్టరు ట్రాలీ ఇరుసు విరిగితే? దానికి ఏ కట్టూ పనిచేయదు. అందుకే మామిడి, చెరకు తోలే రైతు కొనేముందే ఆలోచించాలి.

ఒకే ఇరుసుదైతే ధర తక్కువ. ఇరుకు బాటలోనూ ఇట్టే తిరుగుతుంది. కొంత బరువు కొక్కెం మీద పడి ట్రాక్టరు వెనక చక్రాలకు పట్టు దొరుకుతుంది. ఆ బరువే మితిమీరితే మాత్రం ఎత్తెక్కేటప్పుడు ముందు చక్రాలు పైకి లేస్తాయి. టైరు పేలితే ట్రాలీ ఒరుగుతుంది.

దగ్గరదగ్గరగా రెండు ఇరుసులుంటే బరువును నాలుగు చక్రాలూ పంచుకుంటాయి. ఒక టైరు పోయినా మిగతావి ఆదుకుంటాయి. కాకపోతే మలుపుల్లో టైర్లు నేలకు రాసుకుని త్వరగా అరుగుతాయి.

విదేశాల్లో కారు వెనక చక్రాల ఇల్లు కట్టుకుని తిరిగేవారిదీ ఇదే లెక్క! తోట పనికి ఒకటి చాలు. తిరుపతి-చెన్నై రహదారిపై నిండు లోడు తోలేవారికి మాత్రం రెండే మేలు.